మంచిగా బతికినవాళ్లకు కష్టకాలంలో దేవుడు తోడుంటాడా?

మీరు రాసింది నిదానంగా చదివాను. మీ అమ్మగారు ఒకరి సొమ్ముకి ఆశపడని మనిషి, సాయం అడిగినవాళ్లకి లేదనని మనిషి, దేవుడికి దణ్ణం పెట్టుకోకుండా ఏ రోజూ పని మొదలుపెట్టని మనిషి. ఇప్పుడు క్యాన్సర్ ఎముకలకి పాకింది. బంధువుల్లో ఒకరు పూర్వజన్మ కర్మ అంటున్నారు, ఇంకొకాయన పెద్ద పరిహారం చేయిస్తే తగ్గిపోతుందంటున్నాడు, మీ తమ్ముడేమో ఇదంతా చూసి అసలు దేవుడే లేడని తేల్చేశాడు. అమ్మ మాత్రం రాత్రిపూట "నేనేం పాపం చేశానే" అని మిమ్మల్ని అడుగుతోంది. ధర్మంగా బతికితే కష్టంలో దేవుడి అనుగ్రహం ఉంటుందా ఉండదా, అమ్మకి ఏం చెప్పాలి, ఇదీ మీరడిగింది.

నేను చాలా ఏళ్లుగా పాలియేటివ్ కేర్ వార్డులో, అంటే జబ్బు నయం కాని దశకి చేరినవాళ్ల నొప్పినీ బాధనీ తగ్గించే చోట, రోగులతోనూ వాళ్ల ఇంటివాళ్లతోనూ మాట్లాడే పనిలో ఉన్నాను. దేవుణ్ణి నమ్ముతాను. మన పురాణాలైనా ఇతర మతాల గ్రంథాలైనా ఎక్కువగా ఈ ఒక్క ప్రశ్న కోసమే చదివాను, ఎందుకంటే వార్డులో మతంతో పనిలేకుండా అందరూ అడిగేది ఇదే. కాబట్టి సూటిగానే చెప్తాను. మంచిగా బతికితే రోగం రాదనీ, వచ్చినా మనకి మాత్రం తగ్గిపోతుందనీ దేవుడు ఎవరికీ రాసివ్వలేదు. అలాంటి హామీలా వినిపించే మాటలు గ్రంథాల్లో ఉన్నాయి, కాదనను. అవే గ్రంథాల్లో ఆ మాటల్ని పట్టుకుని దేవుణ్ణి నిలదీసిన మనుషులూ ఉన్నారు, ఆ నిలదీసినవాళ్లని దేవుడు దూరం పెట్టలేదు. నాకు ధైర్యాన్నిచ్చేది ఈ రెండో సంగతి.

"ధర్మో రక్షతి రక్షితః" అంటారు కదా, అమ్మ ధర్మాన్ని కాపాడింది, మరి ధర్మం అమ్మనెందుకు కాపాడలేదు అని రాశారు. అచ్చం ఇదే మాట పట్టుకుని మీకంటే ముందు ద్రౌపది అడిగింది. అరణ్యపర్వంలో, పాండవులు ద్వైతవనంలో ఉన్నప్పటి మాట. రాజ్యం పోయింది, నిండు సభలో జరగరాని అవమానం జరిగింది, పట్టుపరుపుల మీద పడుకున్నవాళ్లు కటిక నేల మీద పడుకుంటున్నారు. ధర్మాన్ని కాపాడే రాజుని ధర్మం కాపాడుతుందని పెద్దలు చెప్పగా విన్నాను, నిన్ను మాత్రం కాపాడుతున్నట్టు నాకు కనపడట్లేదు అని ధర్మరాజు మొహం మీదే అనేస్తుంది. అక్కడితో ఆగదు. సృష్టికర్త మనుషుల్ని కొయ్యబొమ్మల్లా ఆడిస్తున్నాడు, తల్లీతండ్రీ బిడ్డల్ని చూసినట్టు చూడట్లేదు, కోపంతో ప్రవర్తించేవాడిలా ఉన్నాడు అని కూడా అంటుంది. ఇంత మాట అన్న ఆడమనిషి నోరు వ్యాసుడు నొక్కెయ్యలేదు. అనాల్సిందంతా అననిచ్చాడు.

ధర్మరాజు జవాబు చాలామందికి సగమే తెలుసు. చక్కగా మాట్లాడావు గానీ ఇవి నాస్తికుల మాటలు అని మందలిస్తాడు, అది అందరూ చెప్తారు. ఆ తర్వాత అన్నదే అసలు సంగతి. నేను ఫలం చూసుకుని ధర్మం చెయ్యట్లేదు, ఇవ్వాల్సింది కాబట్టి ఇస్తున్నాను, చెయ్యాల్సింది కాబట్టి చేస్తున్నాను, ధర్మంతో వ్యాపారం చేసేవాడు ధర్మం గురించి మాట్లాడేవాళ్లలోకెల్లా అధముడు, ధర్మాన్ని పితుక్కోవాలనుకునేవాడికి దాని ఫలం దక్కదు అంటాడు. ధర్మానికి ఫలమే లేదని అతను అనట్లేదు, ఉందని గట్టిగా నమ్ముతాడు, కాకపోతే అది ఎప్పుడు ఎలా అందుతుందన్నది దేవరహస్యం అంటాడు. తర్వాత జరిగింది కూడా చూడండి. రాజ్యం తిరిగొచ్చింది గానీ, యుద్ధం ముగిసిన రాత్రే ద్రౌపది ఐదుగురు కొడుకులూ నిద్రలో ఉండగా అశ్వత్థామ చేతిలో చనిపోయారు. ధర్మం గెలిచిన కథలోనే ఆ తల్లికి అలా జరిగింది. ధర్మం పక్షాన ఉన్నవాళ్లకి దెబ్బ తగలదని చెప్పడమే వ్యాసుడి ఉద్దేశమైతే ఈ కథ ఇలా ఉండదు.

"ధర్మో రక్షతి" అన్న ఆ వాక్యం మనుస్మృతిలోనూ ఉంది, ఎనిమిదో అధ్యాయంలో, న్యాయసభ గురించి చెప్పే చోట. సభలో అందరూ చూస్తుండగానే అధర్మం ధర్మాన్ని, అబద్ధం నిజాన్ని చంపేస్తే ఆ సభలో కూర్చున్నవాళ్లు కూడా చచ్చినవాళ్లకిందే లెక్క అని చెప్పి, ఆ వెంటనే ఈ వాక్యం వస్తుంది. నలుగురూ కలిసి న్యాయాన్ని నిలబెడితే ఆ న్యాయమే ఆ నలుగుర్నీ నిలబెడుతుందన్న అర్థం అక్కడ చాలా స్పష్టంగా ఉంది, అది ఇప్పటికీ నిజమే. దాన్ని తీసుకొచ్చి ఒక మనిషి ఒంట్లో గడ్డ ఎందుకొచ్చిందన్న ప్రశ్నకి అంటించడం తర్వాతివాళ్లు చేసిన పని.

ఇక పూర్వజన్మ కర్మ. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మీ ఇంట్లో ఎక్కువ హాని చేస్తున్నది ఈ మాటే. కర్మ సిద్ధాంతాన్ని నేను తేలిగ్గా చూడట్లేదు, నమ్మేవాళ్ల నమ్మకం కదపడం నా పనీ కాదు. కానీ కర్మని నమ్మిన గ్రంథాలే ఆ లెక్కని ఎలా నిలదీశాయో చెప్పేవాళ్లు తక్కువ. ఆదిపర్వంలో మాండవ్యుడి కథ ఉంది. మౌనవ్రతంలో ఉన్న ఋషి ఆశ్రమంలో దొంగలు సొమ్ము దాచి దాక్కుంటారు, రాజభటులొచ్చి అడిగితే ఆయన మాట్లాడడు, దొంగల్తో పాటు ఆయన్నీ పట్టుకెళ్లి కొర్రు ఎక్కిస్తారు. ఆయన చావడు. తర్వాత రాజు తెలుసుకుని కాళ్లమీద పడ్డాక కొర్రు బయటికి తీయబోతే రాదు, కోసేస్తారు, ఆ ముక్క ఒంట్లో పెట్టుకునే ఆయన తిరుగుతాడు. నేరుగా యమధర్మరాజు దగ్గరికి వెళ్లి, నేనేం చేశానని నాకీ శిక్ష అని అడుగుతాడు. మీ అమ్మగారు అడుగుతున్న ప్రశ్నే. చిన్నప్పుడు నువ్వు పురుగుల్ని గడ్డిపరకతో గుచ్చావు, దాని ఫలం ఇది అని యముడు లెక్క చూపిస్తాడు. విని మాండవ్యుడు తలవంచుకుని రాలేదు. ఇంత చిన్న తప్పుకి ఇంత శిక్షా, నువ్వు భూమ్మీద మనిషిగా పుట్టు అని ధర్మదేవతనే శపించాడు, ఆ శాపం వల్లే విదురుడు పుట్టాడు. పద్నాలుగేళ్లలోపు పిల్లలు చేసింది పాపం కిందికి రాదని కొత్త కట్టడి కూడా పెట్టాడు. బాధపడ్డ మనిషి వెళ్లి ఈ లెక్క అన్యాయం అని చెబితే ఆ లెక్కే మారింది! మీ బంధువులు చెప్పే కర్మలో ఈ మాండవ్యుడు ఎందుకు లేడో నాకర్థం కాదు.

బుద్ధుడి దగ్గరికి కూడా ఈ ప్రశ్న వచ్చింది. శివకుడనే పరివ్రాజకుడు, అంటే ఊరూరా తిరిగే సన్యాసి, వచ్చి, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లే అని కొందరంటున్నారు, మీరేమంటారు అని అడిగాడు. పిత్తం వల్ల వచ్చే బాధలున్నాయి, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, అవన్నీ కలిసి రావడం వల్ల, ఋతువులు మారడం వల్ల, ఒంటిని సరిగా చూసుకోకపోవడం వల్ల, హఠాత్తుగా దెబ్బ తగలడం వల్ల వచ్చేవి ఉన్నాయి, కర్మ వల్ల వచ్చేవీ ఉన్నాయి, అన్నీ కర్మే అనేవాళ్లు తమకి స్వయంగా తెలిసినదాన్నీ లోకం ఒప్పుకున్నదాన్నీ దాటి మాట్లాడుతున్నారు అన్నాడు. కర్మని నమ్మి బోధించిన మనిషే ఎనిమిది కారణాలు చెప్పి అందులో కర్మని ఒకటిగా మాత్రమే పెట్టాడు. బైబిల్లో సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు యెరూషలేములో ఉన్న అందరికంటే పాపాత్ములనుకుంటున్నారా, కాదు అని యేసు అంటాడు. పుట్టుగుడ్డివాడిని చూపించి ఇతను పాపం చేశాడా, ఇతని తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగితే ఇద్దరూ కాదంటాడు. అలా అడిగింది శత్రువులు కాదు, శిష్యులే. మంచివాళ్లు కూడా ఈ పొరపాటులో పడతారు. 1934 జనవరిలో బీహార్ భూకంపం వేలమందిని పొట్టనపెట్టుకున్నప్పుడు, ఇది అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అని గాంధీగారు అన్నారు. అంటరానితనం పాపమే, అందులో అనుమానం లేదు. కానీ ఆ శిథిలాల కింద పడినవాళ్లలో ఆ పాపాన్ని భరించినవాళ్లు కూడా ఉన్నారు కదా. ప్రకృతిలో జరిగేదానికి ఇలా నీతి అంటగట్టకూడదని రవీంద్రనాథ్ ఠాగూర్ బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు, గాంధీగారు ఆ అభ్యంతరాన్ని తన హరిజన్ పత్రికలోనే అచ్చువేశారు. నేను ఠాగూర్ పక్షం.

మరి బంధువులు అలా ఎందుకంటారు? చెడ్డవాళ్లై కాదు. 1966లో మెల్విన్ లెర్నర్, కరోలిన్ సిమన్స్ అని ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఒకమ్మాయి తప్పు చెప్పినప్పుడల్లా కరెంటు షాక్ తింటున్నట్టు కాలేజీ విద్యార్థినులకి చూపించారు (నిజం షాక్ కాదు, నటన). ఆ బాధని ఆపే అవకాశం ఇచ్చినప్పుడు చాలామంది ఆపారు. తాము ఆపలేమని, అది ఇంకా కొనసాగుతుందని తెలిసినప్పుడు మాత్రం ఆ అమ్మాయి మీదే చిన్నచూపు మొదలైంది, అంత మంచిదిలా లేదే అని. కళ్లముందు అన్యాయంగా ఒకరు బాధపడుతుంటే, మనం ఏమీ చెయ్యలేకపోతే, ఆ మనిషిలో తప్పు వెతికితే గానీ మనకి నిద్ర పట్టదు. మీ అమ్మగారిలాంటి మనిషికే ఇలా అయితే రేపు తమకి కూడా ఏ కారణం లేకుండా ఇలా కావచ్చు, ఆ భయాన్ని భరించలేక "ఏదో చేసుకునే ఉంటుంది" అంటారు. వాళ్ల భయం అర్థం చేసుకోండి, కానీ ఆ మాట అమ్మ గదిలోకి రానివ్వకండి. ఇది మొహమాటపడాల్సిన విషయం కాదు. కెన్నెత్ పార్గమెంట్ బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో, ఆసుపత్రిలో చేరిన 55 ఏళ్లు దాటిన 596 మందిని రెండేళ్లపాటు గమనించారు. దేవుడు నన్ను వదిలేశాడు, దేవుడికి నా మీద ప్రేమ లేదు అనే మథనంలో ఉన్నవాళ్లు, జబ్బు తీవ్రత లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా సరే, మిగతావాళ్లకంటే ఎక్కువగా చనిపోయారు. కాబట్టి రోగి మంచం పక్కన నిలబడి నీ పాపమే ఇది అనడం ఊరికే నోటిమాట కాదు.

పరిహారం చెప్పినాయన గురించి ఎక్కువ రాయను. అమ్మకి స్వయంగా ఏదైనా పూజ చేయించుకోవాలని, ప్రార్థన చేయించుకోవాలని ఉంటే తప్పకుండా చేయించండి, మీ శక్తికి తగ్గట్టు. అప్పు చేయిస్తే, మందులు ఆపమంటే, తగ్గకపోతే మీ భక్తిలో లోపం అంటే ఆయన్ని ఇంటికి రానివ్వద్దు. అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో గుండెకి బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1802 మంది మీద చేసిన పెద్ద అధ్యయనం 2006లో వచ్చింది. తమకోసం ప్రార్థన జరుగుతోందో లేదో తెలియనివాళ్లలో, ప్రార్థన జరిగినవాళ్లకి 52 శాతం, జరగనివాళ్లకి 51 శాతం మందిలో ఇబ్బందులొచ్చాయి, తేడా లేనట్టే. ప్రార్థన జరుగుతోందని కచ్చితంగా చెప్పిన గుంపులో 59 శాతం మందికి వచ్చాయి. నేను రోజూ ప్రార్థన చేసుకునే మనిషిని, ఇది చదివి ప్రార్థన మానలేదు. ప్రార్థనతో ఫలితాన్ని లాక్కోవచ్చనే వాళ్లని మాత్రం నమ్మను.

మీ తమ్ముడి మాటకొస్తే, అతన్ని వదిలెయ్యండి అంటాను, అంటే వాదించకండి అని. కోపంగా ఉన్నాడు. ఆ కోపం అమ్మ మీద ప్రేమే. బైబిల్లోని యోబు కథలో పదిమంది బిడ్డలు పోయి, ఆస్తి పోయి, ఒళ్లంతా పుండ్లై బూడిదలో కూర్చున్న మనిషి దగ్గరికి ముగ్గురు స్నేహితులొస్తారు. ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా నేలమీద అతని పక్కన కూర్చుంటారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచాక మాత్రం, నువ్వేదో తప్పు చేసి ఉంటావు, దేవుడు అన్యాయం చేస్తాడా అని ఒకరి తర్వాత ఒకరు మొదలుపెడతారు. యోబు దేవుణ్ణే కోర్టుకి పిలిచినట్టు మాట్లాడతాడు, నేను పుట్టిన రోజే నాశనం కావాలంటాడు, నేను చేసిన మంచి ఇదిగో, జవాబు చెప్పు అంటాడు. చివరికి దేవుడు ఎవరిమీద కోప్పడ్డాడు? తనని వెనకేసుకొచ్చిన స్నేహితుల మీద! నా సేవకుడు యోబు నా గురించి మాట్లాడినట్టు మీరు సరిగ్గా మాట్లాడలేదు అన్నాడు. ఈ ఒక్క వాక్యం కోసం నేను ఆ గ్రంథానికి ఎప్పటికీ రుణపడి ఉంటాను. యోబుకి గొర్రెలూ ఒంటెలూ రెండింతలై తిరిగొచ్చాయని అక్కడ ఆనందంగా ముగించేవాళ్లుంటారు. నాకు ఆ ముగింపు ఓదార్పుగా అనిపించదు, చనిపోయిన బిడ్డల బదులు ఇంకో పదిమంది పుడితే ఆ తల్లికి లెక్క సరిపోతుందా? ఎందుకిలా జరిగిందన్నదానికి దేవుడు కారణం మాత్రం చెప్పలేదు, కానీ వచ్చి మాట్లాడాడు.

ఇప్పుడు మీరడిగిన అనుగ్రహం. గజేంద్రుణ్ణి తీసుకోండి. మొసలి కాలు పట్టుకునేదాకా ఆ ఏనుగు తన మందతో హాయిగా తిరుగుతోందే తప్ప ఏ తపస్సూ చెయ్యట్లేదు. పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే భక్తుడైన రాజని భాగవతమే చెప్తుంది, కానీ పిలిచినప్పుడు ఆ పుణ్యం లెక్క ఏకరువు పెట్టలేదు. పైగా పోతన గజేంద్రుడు ప్రార్థన మధ్యలోనే కలడు కలండనెడివాడు కలడో లేడో అని అనుమానపడతాడు. ఆ అనుమానంతో సహా ఆ మొర విష్ణువుకి వినపడింది. ఖురాన్‌లో అయ్యూబ్ (యోబే) చేసే ప్రార్థన ఇంకా చిన్నది. నన్ను బాధ తాకింది, నువ్వు కరుణించేవాళ్లందరిలోకీ ఎక్కువ కరుణ గలవాడివి. అంతే. నేను ఇంత మంచివాణ్ణి అని లేదు, ఫలానాది ఇవ్వు అని కూడా లేదు. మరోవైపు మన రామదాసు ఉన్నాడు. చెరసాలలో దెబ్బలు తింటూ రాముడికి చేయించిన నగల లెక్క వరహాలతో సహా అప్పజెప్పి, ఎవరి సొమ్మని కులుకుతున్నావని తిట్టాడు, మళ్లీ ఈ దెబ్బలు ఓర్వలేక తిట్టానయ్యా అని బతిమాలాడు. చెప్పుకునే పద్ధతి ఒక్కొక్కరిదీ ఒక్కోలా ఉంది, ఎవర్నీ దేవుడు కాదనలేదు. గీత ఏడో అధ్యాయంలో తనని సేవించే పుణ్యాత్ములు నాలుగు రకాలు అని చెప్తూ కృష్ణుడు మొదట చెప్పింది ఆర్తుణ్ణే, బాధలో ఉండి పిలిచేవాణ్ణి. కష్టమొచ్చినప్పుడే గుర్తొచ్చానా అని ఆయన అనలేదు.

కాబట్టి నాకు తెలిసినంతలో, మంచితనాన్ని చూపించి దేవుడి దయ కొనుక్కోవడమనేది ఉండదు. ఆ దయ పిలిచినవాళ్ల పక్కకొచ్చి నిలబడుతుంది, వాళ్ల జబ్బు తగ్గినా తగ్గకపోయినా. మరి ధర్మంగా బతికినందుకు ఏమీ లేదా అంటారు. వార్డులో నేను చూసింది చెప్తాను. జీవితమంతా ఇంటివాళ్లని ఏడిపించిన మనిషి నొప్పి లేకుండా నిద్రలో పోవడం చూశాను. ఎవరికీ చెడు తలపెట్టని ఆవిడ దగ్గరికి ఒక్కరూ రాకపోతే నర్సులే బిడ్డల్లా చూసుకోవడం చూశాను. బాధ మంచివాళ్లకి తక్కువ, చెడ్డవాళ్లకి ఎక్కువ అని పంచబడదు, ఇందులో నాకు ఏ సందేహమూ మిగల్లేదు. కానీ ఒకాయన ఉండేవారు, నిజాయితీగా ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, గొంతు క్యాన్సర్. మాట పోయింది. నర్సు మందుల ట్రే తెచ్చినప్పుడల్లా పక్క మంచం మీదున్న కుర్రాడి వైపు వేలు చూపించి, ముందు అతనికి అని సైగ చేసేవారు. ఆ కుర్రాడికి ఎవరూ లేరు. కొన్నాళ్లకి ఆ కుర్రాడే లేచి ఈయన దిండు సరిచేయడం, పలకా బలపం అందించడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఆయన ఆ పలక మీద "నాకు కోపం వస్తోంది. అయినా వీడున్నాడు" అని రాసి నాకు చూపించారు. ఆయన జబ్బు తగ్గలేదు. ఇదంతా దేవుడి పనేనని మీ తమ్ముణ్ణి ఒప్పించలేను. నేను మాత్రం ఆ పలక మీద రాసిందాన్ని అనుగ్రహమనే అనుకుంటాను, ఆయన బతుకంతా అలవాటు చేసుకున్న మంచితనం లేకపోతే అది ఆయన దాకా వచ్చే దారే లేదనిపిస్తుంది. మంచి చేసేవాడెవడూ దుర్గతి పాలవడు అని గీతలో కృష్ణుడిచ్చిన మాట ఉంది. నొప్పి ఉండదని ఆయన అనలేదు, ఆ మనిషి పాడైపోడు అన్నాడు, అది నేను కళ్లారా చూశాను.

అమ్మకి ఏం చెప్పాలన్నది అన్నిటికంటే ముఖ్యం. "నేనేం పాపం చేశానే" అన్నప్పుడు వెంటనే సమాధానం చెప్పకండి. కారణం కోసం అడిగే ప్రశ్న కాదది చాలాసార్లు. నేను చెడ్డదాన్నా, దేవుడు నన్ను వదిలేశాడా, మీకు భారమైపోయానా, ఈ మూడింట్లో ఏదో ఒకటి లోపల ఉంటుంది. "నీకెందుకలా అనిపిస్తోందమ్మా" అని అడిగి ఊరుకోండి, ఆమె మాట్లాడేదాకా ఆగండి, ఎంతసేపైనా. ఒక్కోసారి ఎప్పటిదో ఒక సంగతి బయటికొస్తుంది, తోడబుట్టినవాళ్లతో మాటలు లేకపోవడమో, పుట్టకముందే పోయిన బిడ్డ గురించి ఎవరికీ చెప్పుకోని అపరాధ భావమో. అలాంటిదుంటే ఫోన్ కలిపి మాట్లాడించడం లాంటివి చెయ్యొచ్చు, దానితోనే ఎంతో తేలికపడినవాళ్లున్నారు. ఏమీ లేకపోతే, చెయ్యి పట్టుకుని, నువ్వేం పాపం చెయ్యలేదమ్మా, ఇది శిక్ష కాదు, జబ్బు అని ఆ మాటలతోనే చెప్పండి, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. దేవుణ్ణి తిడితే తిట్టనివ్వండి, తప్పమ్మా అనకండి. దేవుడు పరీక్ష పెడుతున్నాడని మీరు అనొద్దు. భయంతో, ఆకలితో, ప్రాణనష్టంతో పరీక్షిస్తామని ఖురాన్ లో ఉంది, నా బాధ నాకు పరీక్ష అని ఎవరికి వారు అనుకుని బలం తెచ్చుకోవచ్చు, పక్కవాళ్ల బాధ గురించి మనం అనే మాట కాదది. నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా అని కూడా అనకండి, ధైర్యంగా ఉండమని అస్తమానం చెప్పకండి. ఏడవాలనుకుంటే ఏడవనివ్వండి.

చివరిగా ఒకటి, మీరు అడగలేదు గానీ నాకు టెన్షన్ పెట్టిన సంగతి. రాత్రుళ్లు నొప్పికి నిద్రపోవట్లేదనీ, "అనుభవిస్తే కర్మ తీరిపోతుంది" అని అమ్మ తనే మాత్ర వద్దంటోందనీ మధ్యలో ఒక వాక్యంలో రాశారు. దాన్ని అలా వదిలెయ్యకండి. ఒంటి నొప్పి, మనసు బాధ, ఇంటి దిగులు, దేవుడి మీద బెంగ, ఇవన్నీ ఒకదాన్నొకటి పెంచుకుంటూ ఒకే నొప్పిగా ఉంటాయని, అన్నిటికీ కలిపి వైద్యం చెయ్యాలని సిసిలీ సాండర్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ చెప్పింది, 1967లో లండన్‌లో మొదలైన ఆమె హాస్పిస్ (నయం కాని జబ్బుతో ఉన్నవాళ్లని చూసుకునే చోటు) నుంచే మేం చేసే ఈ వైద్యం ప్రపంచమంతా పాకింది. నొప్పి తగ్గని మనిషికి ఏ భగవద్గీతా చెవికెక్కదు. నొప్పి భరిస్తే పుణ్యం వస్తుందన్నది మందు మానడానికి కారణం కాదు, ఆ మాట అమ్మ గౌరవించే పెద్దవాళ్లెవరి చేతైనా అనిపించండి, మీరు చెప్పినదానికంటే బాగా వింటుంది. డాక్టర్ని రెండు విషయాలు అడగండి. మార్ఫిన్ లాంటి మందు నొప్పి వచ్చాక కాకుండా టైం ప్రకారం ఇచ్చేలా రాస్తారా అని, దాంతో పాటు మలబద్ధకానికి కూడా మందు రాయమని. అలవాటైపోతుందేమోనని భయపడి మానకండి, క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చూస్తూ ఇచ్చేటప్పుడు ఆ భయంతో మందు ఆపాల్సిన పనిలేదు. రెండోది, ఎముకలో నొప్పి ఉన్నచోట రేడియేషన్ పెట్టొచ్చా అని. ఎముకకి పాకిన నొప్పి చాలామందికి ఒక్క సిట్టింగ్‌తో కూడా బాగా తగ్గుతుంది. మీ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉందేమో కనుక్కోండి, ఉంటే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా రేపే చూపించండి, తమ్ముణ్ణి కూడా తీసుకెళ్లండి. రాత్రిపూట ఏ టైంకి నొప్పి ఎక్కువైంది, ఏ మాత్ర వేశాక ఎంతసేపు నిద్రపోయింది అన్నది రాసిపెట్టే పని అతనికి అప్పజెప్పండి, డాక్టర్ మొదట అడిగేది అదే.